బస్సుకీ గట్టుకీ మధ్య

తైనాన్‌లో బస్సు ఆగి తలుపు తెరుచుకుందంటే చాలు, దిగేవాళ్లకూ కాలిబాట గట్టుకూ మధ్య ఉన్న మూరెడు సందులోకి క్వో తియెన్‌షెంగ్ స్కూటరు దూరిపోతుంది. బ్రేకు వెయ్యడం అతగాడికి నామోషీ. వేలెప్పుడూ హారన్ మీదే, దవడలో ఎప్పుడూ నమిలి పిప్పయిన వక్క. దారివ్వని వాళ్ల కాళ్ల దగ్గరే ఆ ఎర్రటి ఉమ్ము పడుతుంది. అద్దానికి మాత్రం మాజూ అమ్మవారి గుడి తాయెత్తు వేలాడుతుంటుంది. నెలనెలా దాన్ని గుడి ధూపం పొగలో తిప్పి, భక్తిగా మళ్లీ కట్టుకుంటాడు.

మొన్న పొద్దున బస్సు దిగుతున్న ఒక ముసలమ్మను గుద్దేశాడు. ఆమె సంచిలోని జామకాయలు రోడ్డంతా దొర్లాయి, మోకాలు చీరుకుపోయింది. తియెన్‌షెంగ్ ముందు అద్దం తడిమి చూసుకున్నాడు. తర్వాత బండి చుట్టూ తిరిగి చూశాడు.

"గీత కూడా పళ్లేదు! అంతా అమ్మవారి మహిమ," అంటూ తాయెత్తుకు చేతులు జోడించాడు.

కిందపడ్డ ముసలమ్మ మెడలోంచి అలాంటి తాయెత్తే బయటికి తీసింది. "నాదీ ఆ గుడిదే కదరా నాయనా!"

అతను వంగి దాన్ని పరీక్షగా చూశాడు.

"రంగంతా వెలిసిపోయింది, చూడు. ఇలాంటిది కట్టుకుని బస్సెక్కుతారా ఎవరైనా? కొత్తది తెచ్చుకో, అవ్వా."