ప్రొఫెసీకి అక్క రాసిన వాక్యం

మిర్యాలగూడ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మా అక్క, సూర్యాపేటలో నా దగ్గర ఉంటూ ఫోనులో ఫ్రెంచి నేర్చుకునేది. పొడుగు నోటుబుక్కులో మాట, అర్థం, కింద సొంత వాక్యం రాసేది. నన్నూ నేర్చుకొమ్మని వెంటపడేది. నేను వినలేదు.

ఒకరోజు ఇద్దరం కోదాడ బస్సులో పోతుంటే ‘ప్రొఫెసీ’ అనే మాట చూపించింది. రాతలో ‘టీ’ ఉంటుంది, పలికితే ‘సీ’ అవుతుంది. అర్థం ‘ప్రవచనం’ అని రాసుకుంది.

“తప్పు,” అన్నాను. “ప్రవచనమంటే గుళ్లో పంతులుగారు మైకులో రామాయణం చెప్పేది. అది అయిపోయిన కథ. నీ మాటేమో కాబోయేదాని గురించి.”

“అన్నీ నీకే తెల్సు.”

పక్క సీటులో బైబిలు ఒళ్లో పెట్టుకున్న కోదాడ ఆవిడ కల్పించుకుంది. “మా చర్చిలో కాబోయేది ముందే చెప్తే ప్రవచనమేనండి.”

“మరి చిలక చెప్పేది?” అన్నాను.

“అది జోస్యం. దానికి దేవుడెందుకండీ, గింజలు చాలు.”

అక్క సంబరపడింది. వానకూ ఎలక్షన్లకూ ఫ్రెంచివాళ్లు ‘ప్రెవిజియోఁ’ అంటారట, దేవుడి పేరు మీద చెప్పేదే ప్రొఫెసీ అట. అక్కడికక్కడే ఫ్రెంచిలో ఒక వాక్యం రాసింది.

“ఏం రాసినవక్కా?”

“మా తమ్ముడు ఫ్రెంచి నేర్చుకుంటడు, ఇది నా ప్రొఫెసీ.”

“సోది.”

“సోదంటే ఏందిరా? అదీ కాబోయేది చెప్పుడే.”

పక్కావిడ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

అక్క పోయి ఆరు నెలలైంది. నోటుబుక్కులో ఆ వాక్యాన్ని ఆమె రాసినట్టే ఫ్రెంచిలో చదవాలనిపించి, ఫోనులో మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాను. పోయిన వారం లింగాల పాఠం వచ్చింది. ప్రొఫెసీ స్త్రీలింగం. దాని ముందు ‘నా’ అనడానికి ఫ్రెంచిలో ‘మా’ వాడాలి. అక్క ‘మోఁ’ అని రాసింది. అది పుంలింగానికి వాడేది.

పొరపాటేమో అనుకున్నాను. రెండు పేజీల ముందు ఇంకో స్త్రీలింగ పదానికి ‘మా’ అని సరిగ్గానే రాసి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. పిల్లలు వింటున్నారో లేదో చూడ్డానికి బోర్డు మీద ఒక లెక్క కావాలనే తప్పు చేసేదాన్నని తనే చెప్పేది.

ఎర్ర పెన్నుతో ‘మోఁ’ కొట్టేసి ‘మా’ రాశాను. వాక్యం పక్కన టిక్కు పెట్టాను.