చూసినవాళ్లని అడగండి

ఆసుపత్రిలో అందరూ ఆమెను పెద్ద సిస్టరనే పిలిచేవారు. స్పృహ తప్పి వచ్చినవాళ్ల సంగతులు రాబట్టడంలో ఆమెది అందెవేసిన చేయి. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో ఎందరో కుర్ర డాక్టర్లకు ఆ పని నేర్పింది. "పడ్డవాళ్లకేం గుర్తుంటుంది? చూసినవాళ్లని అడగండి" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది.

రిటైరైన ఆరో నెలలో, పట్టపగలు, వంటింట్లో ఆమే పడిపోయింది.

అదే వార్డు. మంచం మీద ఆమె, స్టూలు మీద భర్త. కాగితం పట్టుకుని వచ్చినవాడు ఆమె నేర్పిన డాక్టరే. ఆమెకు నమస్కారం పెట్టి, నేరుగా భర్త వైపు తిరిగి ఏం జరిగిందని అడిగాడు.

"లేచి నిలబడబోయింది డాక్టరుగారూ. కళ్లు తిరిగి తూలి పడింది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. చెబితే వింటుందా?"

ఒక్క ముక్కా నిజం కాదు. ఆమె శుభ్రంగా తిన్నది. కుర్చీలో కూర్చుని కూరగాయలు తరుగుతోంది. కళ్లు తిరగలేదు, చెమట పట్టలేదు, దీపం ఆర్పినట్టు అంతా పోయింది. ముందుగదిలో ఫోను చూసుకుంటున్న ఆయన, పళ్లెం పడ్డ చప్పుడుకి తాపీగా లేచి వచ్చాడు. ఆమెను అడిగినదానికి తాను జవాబు చెప్పడం పెళ్లినాటి నుంచీ ఆయన అలవాటు. తెలియదనడం మాత్రం ఆయన ఇంటావంటా లేదు.

కూర్చున్న మనిషి ఉన్నట్టుండి పడిపోతే గుండెను అనుమానించాలి. ఆమెకది కొట్టిన పిండి. లేవబోయి పడిందని రాస్తే నీళ్లు బాగా తాగమని ఇంటికి పంపేస్తారు. మళ్లీ పడితే లేస్తుందో లేదో.

"కూర్చునే ఉన్నాను నాయనా. ఈసీజీ తీయించు."

డాక్టరు నవ్వాడు. "మీకేం గుర్తుంటుంది మేడమ్? చూసినవాళ్లని అడగమని మీరేగా నేర్పారు."

తన పాఠం తన మెడకే చుట్టుకుంది. ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. చెయ్యి చాచి కాగితం లాక్కుంది. 'చూసినవారు' అన్నచోట 'భర్త' అని ఉంది. అది కొట్టేసి 'ఎవరూ లేరు' అని రాసింది.

భర్త నొచ్చుకున్నాడు. తాను ఇంట్లోనే ఉన్నానుగా అన్నాడు.

"ఉన్నారు. ముప్పై ఏళ్లుగా ఇంట్లోనే ఉన్నారు. చూడలేదు."

డాక్టరు ఈసీజీ తీయించాడు. గీతలు చూశాక అతని మొహంలో నవ్వు పోయింది. ఇంటికి పంపే మాటే ఎత్తలేదు.

తలుపవతల భర్త ఫోనులో బావమరిదికి చెబుతున్నాడు. "నేను పక్కనే ఉండి చూశాను కాబట్టి సరిపోయిందిగానీ, లేకపోతే మీ అక్క దక్కేది కాదు."