నాలుగో మంచం పెద్దాయన ఆడిన ఆట

శనివారం ఉదయం డయాలసిస్ గదిలోకి వెళ్లేసరికి నాలుగో మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. ఐదో మంచం నాది. బరువు చూసుకుని వచ్చి పడుకున్నాక, సూదులు సర్దుతున్న టెక్నీషియన్ అమ్మాయిని "నాలుగో మంచం బాపు ఇంకా రాలేదా?" అని అడిగాను. ఆమె నా చేతికి పట్టీ బిగిస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"పెద్దాయన నిన్న పొద్దుగూకినంక పోయిండు మేడం. వాళ్ల కోడలు ఫోన్ జేసింది."

చెబుతూనే మొదటి సూది గుచ్చింది. సూది దిగాక ఆ చేయి కదలకూడదు. అందుకని ఏడుపు వచ్చినా కదలకుండానే ఏడ్చాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. మూత్రపిండాలు పోయిన మేమంతా వారానికి మూడుసార్లు బోధన్ వచ్చి, నాలుగేసి గంటలు యంత్రానికి కట్టుబడి పడుకుంటాం. ఒక చేతిలో రెండు సూదులుంటాయి. మనది అనుకోవడానికి మిగిలేది రెండో చేయి ఒక్కటే. రోజుకు మాకు చెప్పిన నీళ్లు అర లీటరుకు కొంచెం ఎక్కువ. మాత్రలు మింగడానికే అందులో సగం పోతాయి.

పెద్దాయన రుద్రూర్ అవతలి ఊరి నుంచి బస్సులో వచ్చేవారు. చక్కెర కర్మాగారం నడిచిన రోజుల్లో అందులో చెరుకు రసం మరిగించి, గింజ కట్టే అదను చూసే పని చేశారు. అది మూతపడ్డాక కౌలుకు పసుపు వేశారు, వరి వేశారు. తర్వాత షుగరొచ్చింది, తర్వాత కిడ్నీలు పోయాయి. ఇవన్నీ ఆయన నాకు ఒకే గొంతుతో చెప్పారు, దారిలో వచ్చే ఊళ్ల పేర్లు చెప్పినట్టు.

నేను తెలుగు టీచరును. మొదట్లో మంచం మీదికి పుస్తకాలు తెచ్చుకునేదాన్ని. ఒంటిచేత్తో పుస్తకం పట్టుకోగలం గానీ పేజీ తిప్పలేం. మూడోసారి పుస్తకం ముఖం మీద పడ్డాక మానేశాను. పక్క మంచం మీద పెద్దాయన మాత్రం బొటనవేలితో ఫోను గోకుతూ, అందులోంచి "మ్యావ్" అనిపిస్తూ ఉండేవారు.

అదొక పిల్లికూన. తల ఎంతో కళ్లూ దాదాపు అంతే. దానికి తిండి పెట్టాలి, స్నానం చేయించాలి, జోకొట్టాలి. తిండి కొనాలంటే నాణేలు కావాలి. నాణేల కోసం చిన్న చిన్న ఆటలు ఆడాలి: పైనుంచి పడే చేపల్ని బుట్టలో పట్టడం, బుడగలు పగలగొట్టడం, ఒకే రకం పండ్లు మూడు ఒకచోట చేర్చడం. ఇలాంటివి చాలా ఉన్నాయి. ఒక్కోటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. కోడలు తన పాత ఫోనులో వేసి ఇచ్చిందట. ఆ పిల్లికి ఆయన పెట్టిన పేరు దొరసాని.

"కూసున్న కాడికి అన్నీ అందియ్యాలె. గందుకే దొరసాని" అనేవారు.

ఒక రోజు ఆయనే అడిగారు. "టీచరమ్మా, మా కొడుకు కోపం జేస్తుండు. ముసల్తనంల గీ పోరగాండ్ల ఆట ఏంది అంటుండు. నువ్వు సదువుకున్నదానివి. జర ఆడి సూడు. అది ఆడేతందుకు పనికొస్తదా, రాదా? నువ్వేం జెప్తే అది ఇంట."

నేను ఆ మాటను నిజంగానే తీసుకున్నాను. నా ఫోనులో వేసుకుని వారం రోజులు ఆడాను. జవాబు పత్రాలు దిద్దినట్టు తప్పులు లెక్కపెట్టాను. తర్వాతి మంగళవారం తీర్పు చెప్పాను.

"పాస్ మార్కులు గూడ రావు బాపూ. ఎంతసేపు ఆడినా అవే చేపలు. రెండు ఆటలకోసారి ప్రకటన. పండ్ల ఆటకొక్కదానికే జర బుద్ధి పెట్టాలె. ఇగ ఆ పిల్లికి మూడు రోజులు తిండి పెట్టకున్నా ఏం కాలేదు. ఏడుపు మొహం పెట్టుకొని కూసుంది, అంతే. సచ్చేదే లేకపోతే దాన్ని సాదుడెందుకు?"

పెద్దాయన బొటనవేలితో తెర మీది పిల్లి తల నిమిరారు. నేను కించపరిచానేమో అనుకున్నాను.

"సావదు గదా బిడ్డా. గందుకే ఆడుతున్న" అన్నారు.

ఆటలో పిల్లికి దాహమైతే తెర మూల నీలిరంగు బొట్టు వెలుగుతుంది. గిన్నె మీద వేలు పెడితే అది గటగటా తాగుతుంది. ఆ చప్పుడు వచ్చేటప్పుడు ఆయన ఫోను చెవికి దగ్గరగా పెట్టుకునేవారు. "ఫ్యాక్టరీల ఉడుకుడు పాకం కాడ నిలవడి, ఒక్కొక్క దినం కుండెడు నీళ్లు తాగేటోన్ని" అన్నారు ఒకసారి. దూప అని ఆయన అనే ఆ దాహం గురించి అంతకు మించి ఆయన మాట్లాడగా నేను వినలేదు.

మా గదిలో ఒక మరణం జరిగింది. రెండో మంచం మీద మోస్రా వైపు నుంచి వచ్చే ఒకామె ఉండేది. ముప్పై ఏళ్లు దాటి ఉండవు. ఒక రోజు డయాలసిస్ మధ్యలో ఆమెకు బీపీ పడిపోయింది. డాక్టరు పరుగెత్తుకొచ్చారు, తెర లాగారు. ఆమె ఛాతీ మీద నొక్కుతుంటే మంచం కిర్రుకిర్రుమనడం మాకందరికీ వినిపించింది. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది. బయట ఆమె భర్త ఏడుపు మొదలైంది.

మా సూదులు మా చేతుల్లోనే ఉన్నాయి. లేచి పోయే దారి లేదు. నాకు ఇంకా రెండు గంటలుంది. సూదులున్న చేయి కదిలించానేమో, నా యంత్రం కూడా కూయసాగింది.

"టీచరమ్మా, గటు సూడకు. ఫోన్ తియ్యి. చేపల ఆట పెట్టు. ఎవలకు ఎక్కువ పడ్తయో సూద్దాం."

"నాతోని కాదు బాపూ."

"ఐతది. పెట్టు."

పెట్టాను. ఆట అయిన ప్రతిసారీ ఆయన తన లెక్క పైకి చెప్పేవారు, నన్నూ చెప్పమనేవారు. ముప్పై ఎనిమిది. నలభై ఒకటి. నలభై. కొంతసేపటికి ఆమెను స్ట్రెచర్ మీద మా మంచాల ముందు నుంచే తీసుకెళ్లారు. చక్రాల చప్పుడు విని నా వేలు ఆగింది. "సూడకు, ఆడు" అన్నారాయన. ఆడాను. అంతవరకూ ఎప్పుడూ పట్టనన్ని చేపలు ఆ రోజు పట్టాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ ఆ రెండు గంటలు నేను అరవకుండా ఉన్నది వాటి వల్లే.

సూదులు తీశాక పెద్దాయన చెప్పులు వేసుకుని తిన్నగా నడవా చివరికి వెళ్లారు. ఆమె భర్త పక్కన కింద కూర్చున్నారు. ఊరికే కూర్చున్నారు. ఆయన ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. తర్వాతి వారం నాతో అన్నారు: "మిషిని మీదున్నప్పుడు ఆట. దిగినంక మనిషి కాడికి పోవాలె."

ఈ వానల్లో మూడు రోజులు ముసురు పట్టింది. గురువారం నేను ఎలాగో వెళ్లాను. నాలుగో మంచం ఖాళీగా ఉంది. యంత్రం మీద పడుకుని పండ్ల ఆట ఆడుతున్నాను. చివరి వరస ముగియబోతుండగా ఆయన ఫోను వచ్చింది. తెర మీద ఆట ఆగిపోయింది. ఒక్క క్షణం నాకు చిరాకు కలిగింది. అది దాచను.

"టీచరమ్మా, వాగొచ్చింది. బస్సు రాలె. తొవ్వ మీద నడుము లోతు నీళ్లున్నయి."

"పాణం ఎట్లుంది బాపూ?"

"జర దమ్మొస్తుంది. పండుకుంటె ఊపిరాడ్తలేదు. కూసునే ఉన్న."

"శనివారం దాక నీళ్లు ముట్టకు. ఉప్పు ముట్టకు."

"తాగుతలేను బిడ్డా." కొంచెం ఆగి, "ఇంకేంది మరి?" అన్నారు.

"ఉంట బాపూ" అని పెట్టేశాను.

పడుకుంటే ఊపిరాడడం లేదంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని మా గదిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. డాక్టరును పిలిపించి ఫోను ఆయన చేతికి ఇచ్చి ఉండొచ్చు. వేరే దారిలో చుట్టు తిరిగి అంబులెన్స్ పోగలదా అని అడిగించి ఉండొచ్చు. "ఇంకేంది మరి" అన్న మాట వెనుక ఆయన ఏదో అడగబోయారని ఇప్పుడనిపిస్తుంది. నేను ఆట మళ్లీ తెరిచాను. ఆ వరస గెలిచాను కూడా.

ఆ ఆట ఆడదగిందా అని ఇప్పుడు మీలో ఎవరైనా అడిగితే, అప్పటంత సులువుగా మార్కులు వేయలేను. ఆడదగిందే. అది నన్ను ఒక చావు నుంచి దాచింది. ఇంకో చావు వస్తుంటే, నాకు వినిపించకుండా కూడా చేసింది. తప్పు పిల్లిది కాదు. పెద్దాయన ఆ ఆటతో పాటు ఇంకో మాట కూడా చెప్పారు. నేను ఆట ఒక్కటే నేర్చుకున్నాను. శనివారం నాలుగు గంటలూ ఫోను ముట్టలేదు. మంగళవారం మళ్లీ ఆడాను.

పదకొండో రోజున వాళ్ల ఊరికి వెళ్లాను. ఆయన భార్యను నేను చూడడం అదే మొదటిసారి. పక్కన కూర్చుని గురువారం నాటి ఫోను సంగతి చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టాలనీ కోరుకున్నాను.

"నీతోని మాట్లాడినంక జర కుదుటవడ్డడు" అంది. "టీచరమ్మ జెప్పింది, శనివారం దాక ఓర్సుకోవాలె అన్నడు. గొంతు తడవనియ్యలె. శుక్రారం ఇగ ఆగక ట్రాక్టర్ల కూసుండవెట్టుకొని వాగు కాడికి తీస్కపోయిండ్రు. వాగు నీళ్లు తగ్గిందాక ఆగుమన్నరు ఆడున్నోళ్లు. ఆగినం. గా ట్రాక్టర్లనే పోయిండు."

ఆమె చేయి పట్టుకున్నాను. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

పిట్టకు పెట్టడానికి, అంటే పోయిన మనిషి కాకి రూపంలో వచ్చి తింటారని అన్నం పెట్టడానికి, ఊరి బయటికి, చెరుకు తోట పక్కకు వెళ్లాం. కొడుకు విస్తరి పరిచాడు. అన్నం, కూర, రెండు అరటిపండ్లు, ఒలిచిన బత్తాయి, కొబ్బరినీళ్లు పెట్టారు. డాక్టర్లు ఆయన్ను ముట్టనివ్వనివన్నీ అందులో ఉన్నాయి. పక్కన పెద్ద ఇత్తడి చెంబు నిండా నీళ్లు పెట్టారు. సన్నగా తుంపర పడుతోంది. చెంబు అంచు దాటి నీళ్లు మట్టిలోకి కారుతున్నాయి.

కాకి ఒకటి కరెంటు తీగ మీద కూర్చుని ఉంది. చాలాసేపు చూశాం. అది కిందికి రాలేదు. కోడలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో చేతులు జోడించి పిలిచారు. అయినా రాలేదు.

అప్పుడు ఆయన భార్య అందరి వైపూ తిరిగింది. "దూప మీదున్నడు. గింతమంది మీద నిలవడ్తె ఎట్ల వస్తడు? జర జరుగుండ్రి" అంది.

మేమంతా తడిసిన గట్టు మీద ఒకరినొకరు పట్టుకుంటూ వెనక్కి జరిగాం. విస్తరి వైపు వీపు పెట్టి నిలబడ్డాం.