మేత వేసి చూసిన పెళ్ళికొడుకు

ఆ రోజుల్లో మనిషి కాస్త లావుగా ఉంటే ఇంట్లో తిండికి లోటు లేదని అర్థం, సన్నగా ఉంటే ఎక్కడో ఏదో లోటుందని అర్థం. ఇప్పుడు అంతా తలకిందులైంది. నా మనవడు పొద్దున్నే లేచి బరువు చూసే మిషను ఎక్కుతాడు, కిందికి చూసి నిట్టూరుస్తాడు, దిగి చెప్పులు విప్పి మళ్ళీ ఎక్కుతాడు (ఆ చెప్పులు ఎంత బరువుంటాయో వాడికే తెలియాలి). వాడి ఫోనులో ఎవరో ఒకాయన కనిపించి, కొందరు ఎంత తిన్నా లావెక్కరు, అది వాళ్ళ మెటబాలిజం అంటాడు. అది అయ్యీ అవకముందే ఇంకొకాయన వచ్చి కాదు, అంతా జన్యువుల్లోనే ఉంది అంటాడు. ఇద్దరికీ టై ఉంది. నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళు చదువుకున్నవాళ్ళే, కాదనను. నేను అయిదో తరగతితో బడి మానేసి, తెనాలిలో ఒక కిరాణా కొట్లో కూర్చుని, పొట్లాలు కట్టే పాత కాగితాలు చదివి లోకజ్ఞానం సంపాదించినవాణ్ణి (అందుకే చాలా వ్యాసాలకు మొదలు తెలుసు, ముగింపు తెలియదు, ముగింపు పావుకిలో చింతపండుతో గడప దాటి వెళ్ళిపోయేది). అయినా ఈ ఒక్క విషయంలో నాకున్న అనుభవం ఆ టైలు కట్టుకున్నవాళ్ళకు లేదు. ఎందుకంటే, తిన్నది ఒంటికి ఎందుకు పట్టదు అన్న ప్రశ్న మీద మా ఇంట్లో ఒక పెళ్ళి ఆగిపోబోయింది.

ఆ పెళ్ళి మా పెదనాన్న కొడుకుది. మా ఊరు కొలకలూరులో అన్నయ్యను చువ్వ అనేవారు, నన్ను బస్తా అనేవారు. ఇద్దరం తెనాలిలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. అన్నయ్య బట్టల కొట్లో గుమాస్తా. పేరాల నుంచి వచ్చిన చీరల మూటలు దించడం, అరలకెక్కించడం, ఎవరైనా ఆడవాళ్ళు వచ్చి పైనున్న చీర అడిగితే నిచ్చెనెక్కి దించడం, వాళ్ళు అది వద్దని కిందిది అడిగితే మళ్ళీ దిగడం, ఇదీ ఉద్యోగం. నాది కూర్చుని చేసే ఉద్యోగం. ఒక పక్క పుట్నాల డబ్బా, ఒక పక్క బెల్లం దిమ్మ, ఎదురుగా వేరుశెనగ గుళ్ళ బస్తా. సరుకు నాణ్యం చూడటం నా బాధ్యత. దాన్ని తిండి అనడం అన్యాయం.

ఇక బంతి భోజనాల సంగతి. వడ్డించేవాళ్ళు అన్నయ్య ఆకు ముందుకు రాగానే ఆగిపోయేవారు. "ఒరేయ్, ఈ అబ్బాయికి ఇంకో రెండు బూరెలు వెయ్యండ్రా, ఒంట్లో ఏం లేదు పాపం" అని ఒకరు, "నెయ్యి కారేట్టు పొయ్యవయ్యా, చూడు ఎముకలు కనపడుతున్నాయి" అని ఇంకొకరు. అన్నయ్య వద్దనేవాడు కాదు. అన్నీ తినేసి, ఆకు అద్దంలా తుడిచేవాడు. అదే వడ్డించే మనిషి నా దగ్గరకు వచ్చేసరికి, గరిటె గిన్నెలోనే ఉంచి, "నీకు చాల్లే తమ్ముడూ" అని నా తరఫున తనే చెప్పేసి ముందుకు సాగిపోయేవాడు. నేనూ అభిమానం కొద్దీ "అవునండి, చాలండి" అనేవాణ్ణి. ఇంత తక్కువ తినే నేను బస్తా ఏమిటి, అంత తినే అన్నయ్య చువ్వ ఏమిటి? ఇదేం న్యాయం? దీనికి జవాబు పొట్లం కాగితాల్లో ఎంత వెతికినా దొరకలేదు.

అలా ఉండగా అన్నయ్యకు రేపల్లె సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో అమ్మాయి కాఫీ గ్లాసు అందిస్తుంటే అన్నయ్య ఆమె వంక చూసిన చూపు నాకింకా గుర్తే. అంతవరకు గోంగూర పచ్చడిని తప్ప దేన్నీ అంత ఆరాధనగా చూడగా నేనెరగను. అమ్మాయికీ నచ్చాడని తెలిసింది. అయితే ఆ పిల్లకు తండ్రి లేడు, మేనమామే పెద్దదిక్కు. ఆ మేనమామది గేదెల వ్యాపారం. రేపల్లె చుట్టుపక్కల ఎవరు గేదెను కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఒకసారి చుట్టూ తిరిగి, పళ్ళు చూసి, వీపు మీద అరచేత్తో చరిచి, కొనొచ్చో లేదో చెప్పేసేవాడు. ఆయన మాట మీద ఎదురు బేరం ఉండేది కాదు. మేము చాటుగా గేదెల మావయ్య అనేవాళ్ళం.

ఆ గేదెల మావయ్య బాపట్లలో మా చుట్టాల పెళ్ళికి వచ్చి, భోజనాల్లో సరిగ్గా అన్నయ్యకు ఎదురుగా కూర్చున్నాడు. మా కర్మ. నేను అన్నయ్య పక్కనే ఉన్నాను కాబట్టి అంతా నా కళ్ళతో చూశాను. ఆయన తన ఆకు సంగతి మర్చిపోయి అన్నయ్య ఆకునే చూస్తున్నాడు. కాసేపటికి పక్కనున్న పెదనాన్న వైపు తిరిగి, "ఏవండీ, అబ్బాయి పులిహోర మళ్ళీ వేయించుకున్నాడే" అన్నాడు.

"ఆకలి మంచిదండి" అన్నారు పెదనాన్న గర్వంగా.

"ఆకలి మంచిదేనండి. గారెలు కూడా మళ్ళీ వేయించుకున్నాడు."

"అవునండి. చిన్నప్పటి నుంచీ అంతే."

"అదేనండి నేననేది. చిన్నప్పటి నుంచీ తింటుంటే, ఆ తిన్నదంతా ఎటు పోతున్నట్టు?"

చేతులు కడుక్కునే చోట గేదెల మావయ్య తేల్చి చెప్పేశాడు. "తప్పుగా అనుకోకండి. మేత బాగా తిని కండ పట్టలేదంటే లోపల ఏదో ఉన్నట్టే. అలాంటి గేదెను పరాయివాడికే కొనిపెట్టలేదండి నేను. తండ్రి లేని పిల్లకు కొనిపెడతానా?"

పెదనాన్న కోపంతో అన్నయ్యను తెనాలి డాక్టరు దగ్గరకు లాక్కెళ్ళారు. డాక్టరు గుండె మీద, వీపు మీద గొట్టం పెట్టి చూసి, "గుర్రంలా ఉన్నాడండి" అన్నాడు. అదే మాట రేపల్లెకు చేరవేస్తే, "నాకు గుర్రాల సంగతి తెలియదండి" అని జవాబు వచ్చింది. దాంతోపాటు ఇంకో కబురు. డాక్టరు చూసింది కాసేపే కదా, అబ్బాయిని ఒక రోజు తమ ఇంట్లో ఉండమనండి, ఎటూ దూరపు చుట్టరికం ఉంది, ఎవరూ ఏమీ అనుకోరు, తనే స్వయంగా చూస్తాను అని. అంటే గేదెను కొనేముందు మన పాకలో కట్టేసి మేత వేసి చూస్తారు చూడండి, అది. పెదనాన్న చిందులు తొక్కారు. అన్నయ్య మాత్రం తల వంచుకుని, "వెళ్ళొస్తాను నాన్నా" అన్నాడు. తోడుగా నన్ను పంపారు.

రేపల్లె రైల్లో నేనొక ఉపాయం చెప్పాను. "అన్నయ్యా, అక్కడ నువ్వు తక్కువ తిను. తక్కువ తింటాడు కాబట్టి సన్నగా ఉన్నాడని వాళ్ళే సరిపెట్టుకుంటారు."

"రేపల్లెరా. రొయ్యలు వండుతారురా."

"నీకు రొయ్యలు కావాలా, పెళ్ళి కావాలా?"

కిటికీలోంచి పొలాలు చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. "పెళ్ళే" అన్నాడు చివరికి.

నిజంగానే రొయ్యల ఇగురు వండారు. అమ్మాయి అమ్మమ్మ గిన్నె పట్టుకుని వస్తుంటే, అన్నయ్య కళ్ళు మూసుకుని, ఆకు మీద చెయ్యి అడ్డంపెట్టి, "చాలండి" అన్నాడు. ఆ మాట వాడి నోట వినడం నాకదే మొదటిసారి. గేదెల మావయ్య ముఖం మాడిపోయింది. "అమ్మా, చూశావా? మేత ముట్టట్లేదు. ఇది ఇంకా చెడ్డ లక్షణం" అన్నాడు చెవిలో చెబుతున్నాననుకుని, ఇంటిల్లిపాదికీ వినపడేలా. నా ఉపాయం తిరగబడిందని తెలిసిపోయింది. దీపాలు పెట్టే వేళకు అన్నయ్యకు కళ్ళు తిరుగుతున్నాయి. భోజనానికి పిలవగానే పీట మీద కూర్చుని, పొద్దున మిగిలిన రొయ్యలు, అప్పుడు వండిన పప్పు, పెరుగుతో సహా, పగలు చేసిన త్యాగానికంతా వడ్డీ రాబట్టుకున్నాడు. మావయ్య పక్కనే కూర్చుని చూస్తూ, "పొద్దున ముట్టడు. రాత్రి ఆగడు" అని మాత్రం అన్నాడు. ఆ గొంతులో మా సంబంధం వెళ్ళిపోతున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

మర్నాడు పొద్దున్న ఆయన పెరట్లో మంచం వాల్చుకుని కూర్చుని మమ్మల్ని పిలిచాడు. "అబ్బాయ్, మంచివాడివి. మాటలో వంకర లేదు. కానీ నాకు ధైర్యం చాలట్లేదు. మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పు" అన్నాడు. అన్నయ్య తల ఊపి, సంచీ చేతికి తీసుకున్నాడు. "ఏంటండీ ఇది, మనిషిని పట్టుకుని..." అని మొదలుపెట్టాను గానీ, అది నిలబడి చెప్పాల్సిన మాట, నేను అప్పటికి పెరటి అరుగు మీద సుఖంగా కూర్చుని ఉన్నాను. లేవడంలో కొంత ఆలస్యమైంది. ఈలోగా వంటింటి గుమ్మంలోంచి ఆ అమ్మాయే బయటకు వచ్చింది.

"మావయ్యా, నువ్వు ఆయన్ని ఆకు ముందరే చూశావు. నేను మిగతా వేళల్లో చూశాను" అంది.

ఆడపిల్ల ఎదురు మాట్లాడిందని ఆయనకు కోపం రావాలి. కానీ గేదెను ఇంకొకరు తనకంటే బాగా చూశారంటే వినకుండా ఉండలేని మనిషి. "ఏం చూశావు?" అన్నాడు.

"నిన్న ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి కుదురుగా కూర్చున్నది ఎప్పుడో చెప్పు చూద్దాం. నూతి దగ్గర చేద కనపడితే తొట్టి నిండేదాకా నీళ్ళు తోడారు. అమ్మమ్మ గడ్డిమోపు ఎత్తబోతుంటే పరిగెత్తుకెళ్ళి లాక్కున్నారు. నీ దూడ తాడు తెంపుకుంటే వీధి చివరిదాకా వెంటపడి తెచ్చింది ఎవరు? కూర్చున్నా ఆ కాలు ఊగుతూనే ఉంటుంది, మంచం కిర్రుకిర్రుమని నాకు నిద్ర లేదు. రాత్రి అంత తిన్నారా, ఇందాక ఇడ్లీ పెడితే ముట్టారా? ఆకలి లేదన్నారు. బాపట్లలో అంత తిన్నారు, ఇంత తిన్నారు అన్నావు. మర్నాడు ఏం తిన్నారో అడిగావా?"

మావయ్య అన్నయ్య వైపు తిరిగాడు. "ఏం తిన్నావు బాబూ?"

"మజ్జిగ తాగానండి" అన్నాడు అన్నయ్య. అది నిజమే. ఆ మర్నాడంతా మజ్జిగ మీదే ఉన్నాడు. పెళ్ళి భోజనం చేసిన ప్రతిసారీ అంతే. ఒకే గదిలో ఉండి ఆ సంగతి నేను పట్టించుకోనే లేదు (నేను కొట్లో సరుకు నాణ్యం చూస్తూ ఉండేవాణ్ణి కదా).

మావయ్య చాలాసేపు అన్నయ్య కాలునే చూశాడు. అది అప్పుడు కూడా ఊగుతూనే ఉంది. తర్వాత ఎందుకో ఆయన చూపు నా మీద పడింది. "మరి ఈ అబ్బాయి సంగతేంటే? ఆకు దగ్గర నిన్నటి నుంచీ చాలు చాలు అంటున్నాడు. ఇంత ఒళ్ళు ఎలా వచ్చింది?"

"అరుగు మీది జంతికల డబ్బా నిన్న నిండుగా ఉంది మావయ్యా" అంది ఆ అమ్మాయి.

అందరూ డబ్బా వైపు చూశారు. దురదృష్టం కొద్దీ అప్పటికి నా చెయ్యి అందులో ఉంది. ముందు అమ్మమ్మ నవ్వింది, తర్వాత అన్నయ్య, ఆ తర్వాత గేదెల మావయ్య మంచం పట్టె మీద చరిచి చరిచి నవ్వాడు. లేచి వచ్చి, నా వీపు మీద అరచేత్తో ఒక్కటి చరిచి, "ఇదిరా! మేసింది మేసినట్టు పట్టింది. సంతలో అయితే దీన్ని కళ్ళు మూసుకుని కొంటాను" అన్నాడు. అవతల అన్నయ్య చేతిలోంచి సంచీ తీసి లోపల పెట్టేసింది అమ్మమ్మ. అలా మా వదిన తన పెళ్ళి తనే నిలబెట్టుకుంది, నా పరువు తీసి. జంతిక తిండి కాదని, అది కాలక్షేపమని అప్పుడే చెప్పాను, ఇప్పటికీ చెబుతున్నాను. ఇంతవరకు ఒక్కరూ ఒప్పుకోలేదు.

పెళ్ళయ్యాక అన్నయ్య రేపల్లెలోనే బట్టల కొట్టు పెట్టుకుని స్థిరపడ్డాడు. గేదెల మావయ్య పోయి చాలా కాలమైంది. ఆ మధ్య అదే రైల్లో వాళ్ళింటికి వెళ్ళాను. అన్నయ్యకు మోకాళ్ళు అరిగాయి, కుర్చీలోంచి లేవలేడు. కానీ కాలు ఊగుతూనే ఉంది. తిండి సగం కూడా లేదు. నాకు షుగరు వచ్చి బస్తా ఖాళీ అయింది, చొక్కాలన్నీ ఎవరివో తొడుక్కున్నట్టుంటాయి. వదిన ఇద్దరికీ స్టీలు కంచాల్లో వడ్డించింది. నేను అలవాటు కొద్దీ "చాలు వదినా" అన్నాను. ఈసారి నిజంగానే చాలు.

అన్నయ్య తల ఎత్తి నన్ను చూసి, వదిన వైపు తిరిగాడు. "ఏంటే అలా చూస్తావు, వాడికి ఇంకో గరిటె వెయ్యి. ఒంట్లో ఏం లేదు పాపం" అన్నాడు.

ఎన్ని బంతుల్లో కూర్చున్నాను! ఆ మాట ఎప్పుడూ నా పక్క ఆకు దగ్గరే ఆగిపోయేది. అది నా దాకా నడిచి వచ్చేసరికి ఇంత ఆలస్యమైంది. గరిటెడు ఎక్కువ తినలేనని తెలిసీ వద్దనలేదు, వేయించుకున్నాను. వదిన నాకు వేసి, జంతికల డబ్బా మూత గట్టిగా నొక్కి, నాకు అందకుండా అన్నయ్య పక్కకు జరిపి లోపలికి వెళ్ళింది. నేను చూడనట్టు కూర్చున్నాను. అన్నయ్య కాలు ఊపుతూ, వేలి కొసతో, దాన్ని మెల్లగా నా వైపు నెట్టాడు.