సగం గీసిన ముఖం

రాచర్ల మండలంలోని ఒక పల్లెలో యేసుమణి కూలికి పోతుంది. పని లేని రోజుల్లో బొమ్మలు గీస్తుంది. చనిపోయినవాళ్ల ఆధార్ ఫోటో తెచ్చిస్తే, బ్లేడుతో చెక్కిన చెక్కపెన్సిల్‌తో ఆ ముఖాన్ని పెద్దగా గీసిస్తుంది. పెన్సిల్‌ని వాల్చి రుద్దితే కళ్ల కింద నీడ, బుగ్గలో గుంట పైకి తేలుతాయి.

మొన్న జనవరిలో అక్క కూతురు సుప్రియ గిద్దలూరు నుంచి మెకానికల్ పెన్సిల్ తెచ్చింది. "చెక్కే పనే లేదు చిన్నమ్మా, నొక్కితే లెడ్డు వస్తాది" అంది. పేర్లు రాయడానికి అది బాగానే ఉంది. నీడ వేయబోతే మాత్రం లెడ్డు పుటుక్కున విరిగేది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున యేసుమణి, పక్కింటి మస్తానమ్మ మిరపకోతకు నడిచి పోతున్నారు. వెనక బైకు ఆగింది. దిగినవాడు మాటైనా లేకుండా ఇనపరాడ్డుతో మస్తానమ్మ తల మీద కొట్టాడు. ఆమె పడిపోగానే చెవికమ్మ పట్టి లాగాడు. తమ్మె చీలిపోయింది. యేసుమణి వాడి మీద పడి ముంజేతిని కరిచింది. నోట్లోకి రక్తం వచ్చినా వదల్లేదు. వాడు మోకాలితో ఆమె కడుపులో కుమ్మి, వదిలించుకుని పారిపోయాడు.

మస్తానమ్మను ఆస్పత్రిలో చేర్చాక, కబురు విని వచ్చిన సుప్రియ అడిగింది. "వాడి మొగం గుర్తుందా?"

యేసుమణి సంచిలో మెకానికల్ పెన్సిలే ఉంది. నీడ వేయబోతే లెడ్డు నాలుగైదుసార్లు విరిగింది. కాగితం మీద సన్నగీతలే మిగిలాయి. కోలముఖం, మీసం, రెండు కళ్లు.

"ఇంకా కాలేదు. ఇంటికి పోయి చెక్కపెన్సిల్‌తో నీడలు ఏస్తా" అని యేసుమణి ముఖం కడుక్కోవడానికి వెళ్లింది. ఆలోపు సుప్రియ ఆ కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేసింది.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, గొర్రెల సంతలో దొంగ దొరికాడని. ఇద్దరూ ఆటోలో పరుగెత్తారు.

ట్రాలీ ఆటోకు కట్టేసి ఉన్నవాడు ఆదిశేషు. దొనకొండ నుంచి గొర్రెలు కొనడానికి వచ్చాడు. పై పెదవి చీలి వేలాడుతోంది. ఎడమ కన్ను రక్తపుముద్ద. ఒకడు బెల్టుతో, ఒకడు కర్రతో కొడుతూనే ఉన్నారు. చుట్టూ ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు.

"ఈయన కాదు! వదలండయ్యా!" అని యేసుమణి అరిచింది.

"నువ్వు గీసిన బొమ్మే గదమ్మా!"

"అది సగం బొమ్మ! వాడి ముక్కు వంకర, బుగ్గ గుంట. అయ్యి నేను గీయనే లేదు!"

ఎవరూ వినలేదు. యేసుమణి ఆదిశేషుకు అడ్డం పడింది. అతని మీదికి వచ్చిన కర్ర ఆమె ఎడమ మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది. కుడిచేత్తో అతని చొక్కా చేతులు పైకి లాగి అరిచింది.

"పొద్దున వాణ్ని కరిచినా. చూడండి, ఈ చేతుల మీద పంటిగాటు ఉందా?"

లేదు. కర్ర కింద పడింది. ఫోన్లు జేబుల్లోకి పోయాయి. జనం ఒక్కొక్కరే జారుకున్నారు.

ఆ సాయంత్రమే, చేతికి కట్టుతో, పోలీసు స్టేషన్లో చెక్కపెన్సిల్‌తో ఆ ముఖాన్ని మళ్లీ గీసింది. వంకర ముక్కు, గుంట బుగ్గ, కనుబొమ్మ మీద కోత. నాలుగో రోజు కురిచేడు స్టేషన్లో రైలెక్కబోతూ వాడు దొరికాడు. ముంజేతి మీద పంటిగాటు ఇంకా చీము పట్టే ఉంది. మస్తానమ్మ కోలుకుంది.

ఆదిశేషు ఎడమ కన్ను మాత్రం పోయింది. సుప్రియ గ్రూపుల్లోంచి ఆ ఫోటో తీసేసింది గానీ, అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పోయిందో.

కట్టు విప్పాక యేసుమణి దొనకొండ వెళ్లింది. ఆదిశేషు భార్య గురమ్మ గడపలోనే అడ్డంగా నిలబడింది.

"మా ఆయన్ని కాపాడినావని నీకు మొక్కాల్నా, వాళ్ల చేతికి పట్టించినావని కొట్టాల్నా?"

"ఆ బొమ్మ నా చేతిదే అక్కా" అంది యేసుమణి.

"కూచోనీయే. ఆ యమ్మ చెయ్యి గూడా ఇరిగింది గదా" అన్నాడు ఆదిశేషు లోపల్నుంచి.

గురమ్మ పక్కకు జరిగింది. ఏడుస్తూనే మంచం వాల్చింది.