పళ్లెం మీద చెయ్యి

మొన్న హుస్నాబాద్ అంగడిలో బెల్లం వాసన తగిలింది. ఎండకు కరిగి, గోనెపట్టాకు అంటుకుని, ఈగలు ముసిరిన బెల్లం. దుకాణదారు అరకిలో ముక్క ఎలక్ట్రానిక్ కాంటా మీద పెట్టగానే నా చేతులు వాటంతట అవే వెనక్కి పోయి నడుము మీద ముడిపడ్డాయి. ఎర్ర అంకెలు నిలిచేదాకా అట్లాగే నిలబడ్డాను. ఆయన నన్నొక వింతను చూసినట్టు చూశాడు. ఆయనకేం తెలుసు? హుస్నాబాద్ నుంచి వేములవాడ దాకా నా అంతటి తూకందారు లేడు. మనిషి వాకిట్లో చెప్పులు విడిచేలోపు బరువు చెప్పేవాణ్ణి. తులం అటూ ఇటూ అయ్యేది కాదు.

ఆ చేతులు వెనక్కి కట్టుకోవడం నేర్పింది రాజక్క. భర్త పోయిన తర్వాత బెల్లం దుకాణాన్ని ఒంటిచేత్తో నడిపిన మనిషి, నా యజమానురాలు. దుకాణం నడిమధ్య దూలానికి పెద్ద ఇనుప తరాజు వేలాడేది. ఒక పళ్లెంలో కిలోల బాట్లు వేసి తూచినా, ముసలి గిరాకీలకు మణుగుల్లో, సేర్లలోనే చెప్పేది. ఒకటి అనకుండా 'లాభం' అని లెక్క మొదలుపెట్టేది. నన్ను పనిలో పెట్టుకున్ననాడే ఒక మాట చెప్పింది. "బాట్లు పెట్టినంక చేతులు ఎనుకకు కట్టుకో. పళ్లెం మీద చెయ్యి పెట్టినోని ఇంట్ల దీపం నిలువది."

సమ్మక్క జాతర దగ్గరపడితే దుకాణంలో కాలు పెట్టే సందుండేది కాదు. మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బెల్లం తూయించుకుపోయి తల్లికి ఇస్తారు. దాన్ని మేము బెల్లం అనము, బంగారం అంటాము. ఒక పళ్లెంలో మనిషి, ఎదుటి పళ్లెంలో బంగారం. మనిషి కూర్చునేటప్పుడు పళ్లెం ఊగకుండా రాజక్క వెనక నిలబడి గొలుసు పట్టేది. కూర్చున్నాక వదిలేసేది. ముద్దలు పేర్చడం నా పని. ఒకసారి ఒక బొజ్జ కాంట్రాక్టరు కూర్చుంటే, క్వింటాలుకు జర తక్కువ ఉన్నడని నేను అందరికీ వినబడేటట్టు అన్నాను. జనం పడీపడీ నవ్వారు. రాజక్క నవ్వలేదు.

"కిలోలు మటన్‌కురా వెంకటీ. మనిషికి మనిషెత్తే లెక్క."

ఆ తర్వాత ఏ మనిషి బరువూ నా నోటి వెంట రాలేదు. మనసులో మాత్రం ఉండిపోయేది.

నా భార్య లచ్చవ్వకు కడుపులో గడ్డ లేచింది. కరీంనగర్ దవాఖానకు తిరిగి తిరిగి మందులు తెచ్చేవాళ్లం. గాజులు మోచేతి దాకా జారుతుంటే, పెద్ద సైజు కొన్నదిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. సమ్మక్కకు మొక్కుకున్నాను. జాతర ముందు ఆమెను తీసుకుపోయి తరాజులో కూర్చోబెట్టాను. ఎప్పటిలాగే రాజక్క గొలుసు పట్టింది. నేను ముద్దలు పేర్చాను. పోయిన జాతరకు ఎంత తూగిందో అంతే తూగింది, ఒక్క ముద్ద కూడా తగ్గలేదు. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. కనబడ్డవాళ్లందరికీ లచ్చవ్వ కోలుకుంటున్నదని చెప్పాను. ఆ కొన్నాళ్లు కడుపునిండా తిన్నాను, గుర్రుపెట్టి నిద్రపోయాను. పక్కన ఆమె మేలుకునే ఉండేదేమో, నేనెప్పుడూ లేచి చూడలేదు.

ఉగాది రాకముందే లచ్చవ్వ పోయింది. పాడె ఎత్తినప్పుడు నా భుజానికి తెలిసింది.

దినాలు అయిపోయాక రాజక్క ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చుని, ఆ రోజు గొలుసు వదలలేదని, లచ్చవ్వ కూర్చున్న పళ్లెం అంచును కిందికి అదిమి పట్టానని చెప్పింది. "చెయ్యి తియ్యలేకపోయిన వెంకటీ," అన్నది. లచ్చవ్వకు ధైర్యం చెప్పడానికే అట్లా చేసిందని నాకు అర్థమైంది.

ఇన్నేళ్లుగా ఈ కథ చెప్పినప్పుడల్లా, ఆ చేతిని నేను అప్పుడే చూశాననీ, లచ్చవ్వ కోసం చూడనట్టు ఊరుకున్నాననీ చెబుతూ వచ్చాను. అబద్ధం. నేను చూడలేదు. మనిషిని చూసి తులాలతో సహా చెప్పేవాణ్ణన్నదీ అబద్ధమే. నాతో ఒకే ఇంట్లో తిని పడుకున్న మనిషి సగమైపోతే నా కంటికి ఆనలేదు. తల్లికి పోవలసినదానికంటే బంగారం ఎక్కువే పోయింది. తక్కువైంది మనిషి.

రాజక్క కూడా పోయింది. ఆ దుకాణంలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. తరాజు పాతసామాన్లవాడికి పోయిందట. నాకు మిగిలింది వెనక్కి పోయే ఈ రెండు చేతులే. ఏ కాంటా ముందు నిలబడ్డా అవి ముడిపడతాయి. నిలిచిన అంకెను మాత్రం నేను నమ్మను.

ఇదంతా రాసి నా బిడ్డ సుజాతకు చదివి వినిపించాను. లచ్చవ్వను అది అవ్వ అని, రాజక్కను పెద్దవ్వ అని పిలిచేది. చిక్కుడుకాయలు గిల్లుతూ చివరిదాకా విన్నది. తల ఎత్తకుండానే అన్నది.

"పెద్దవ్వ తనంత తాను చెయ్యలే బాపు. అవ్వనే పట్టుమన్నది, నేను పక్కకే ఉన్న. ఇగ ఇంటికి తీస్కపోండ్రని నువ్వు మందులకు పోయినప్పుడు దవాఖానల అన్న సంగతి అవ్వకు ముందే తెల్సు. నీకు తెల్వద్దన్నది. గది రాయి."