మూడో క్వార్టర్ సంగతి

లిండ్సే టార్పీ కేంపర్‌డౌన్ అనే చిన్న ఊళ్ళో స్కూలు బస్సు నడుపుతాడు. పొద్దున పాడి పొలాల దారిలో పిల్లల్ని ఎక్కించుకుని బడి దగ్గర దింపాక, మళ్ళీ సాయంత్రం గంట కొట్టేదాకా ఆయనకు పని లేదు. అలాంటి ఖాళీ దొరికితే కొందరు చేపలు పడతారు, కొందరు పెళ్ళాం చెప్పిన పనులు చేస్తారు. లిండ్సే బస్సును షెడ్డులో పెట్టి, అందులోనే చివరి సీటులో కాళ్ళు చాపుకుని, ఫోను తీసి ఒంటి వేలితో పెలికన్స్ గురించి రాస్తాడు.

పెలికన్స్ ఆయన ఫుట్‌బాల్ జట్టు. అక్కడి ఫుట్‌బాల్ బంతిని చేత్తో పట్టి, కాలితో తన్ని, నాలుగు క్వార్టర్లుగా ఆడే ఆట. ఆ జట్టు చివరిసారి కప్పు గెలిచినప్పుడు ఆయన చిన్నపిల్లాడు. ఆ తర్వాత ప్రధానమంత్రులు మారారు, పాల ధరలు మారాయి, లిండ్సే జుట్టు ఊడిపోయింది. జట్టు మాత్రం ఓడిపోయే అలవాటు మార్చుకోలేదు. ఓడిపోయే జట్టుకు మిగిలే పండగ ఒక్కటే, డ్రాఫ్ట్. ఏటా నవంబరులో క్లబ్బులన్నీ వంతుల వారీగా పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళ పేర్లు పిలిచి తమ జట్టులోకి తీసుకుంటాయి. అడుగున ఉన్న జట్టుకు ముందు పిలిచే హక్కు. కనుక పెలికన్స్ అభిమానులకు ఆటల రోజులకంటే ఆ సాయంత్రం మీదే ఆశ ఎక్కువ.

వాళ్ళందరూ చేరి రాసుకునే ఫోరం పేరు గూడు. అక్కడ లిండ్సే పేరు "వెనక సీటు". అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా ఉండే శీతాకాలం అంతా శనివారాలు ఆయన ఆ చుట్టుపక్కల ఊళ్ళ మైదానాలకు వెళ్ళి, మడత స్టూలు వేసుకుని, కుర్రాళ్ళ మ్యాచిలు చూసి, చూసింది రాస్తాడు. నగరంలో కూర్చుని వీడియోలు చూసేవాళ్ళకు ఆయన రాతలంటే గురి. తెలియని సంగతిని గట్టిగా చెప్పేవాడికే ఈ లోకంలో మైకు అందుతుంది. లిండ్సే చూసినంతే చెబుతాడు, మెల్లగా చెబుతాడు. ఆయన్ని జీవితంలో ఎవరైనా చెవి ఒగ్గి విన్నారంటే అది ఆ గూడులోనే.

గూడుకు రెండు కట్టుబాట్లున్నాయి. మైదానం చుట్టూ గీసిన తెల్ల గీతకు లోపల జరిగినదాని గురించి ఎంతైనా వాదించుకోవచ్చు, గీత దాటిన సంగతులు రాయకూడదు. ఒకప్పుడు ఎవరో ఒక ఆటగాడి సంసారం గొడవలు తెచ్చి ఇక్కడ పోశారు. ఆ కంపు పోవడానికి చాలా కాలం పట్టింది, అప్పటి నుంచి ఈ నియమం. రెండోది, వాదనలో ఓడినవాళ్ళు అవతలివాళ్ళు మెచ్చిన ఆటగాడి బొమ్మను ఒక సీజనంతా తమ పేరు పక్కన పెట్టుకోవాలి.

ఆ ఏడాది వాదన రోరీ కినేన్ అనే కుర్రాడి మీద వచ్చింది. పొడుగరి. గాల్లోకి లేచి బంతి పట్టుకుంటే కింద ఉన్నవాళ్ళు పొట్టివాళ్ళయిపోతారు. వాణ్ణే పిలవాలని "ఎమ్ వరుస" అనే ఆవిడ వాదన. స్టేడియంలో ఆవిడ దశాబ్దాలుగా కూర్చునే వరుసే ఆ పేరు. ట్రాముల్లో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి. రాతలో గాని మాటలో గాని ఒక్క దురుసు ముక్క ఉండదు, అలాగని ఒక్క అంగుళం జరగదు. లిండ్సే మాత్రం ఐవ్స్ అనే పొట్టి డిఫెండర్ని పిలవాలంటాడు.

"రోరీ మంచి ఆటగాడే. కానీ మూడో క్వార్టర్‌లో మాయమైపోతాడు. చూసిన ప్రతి మ్యాచిలో ఇదే," అని రాశాడు జూలైలో.

"పెద్దాయనా, మాయమై ఎక్కడికెళ్తున్నాడు? మీ బస్సెక్కి ఇంటికెళ్తున్నాడా?" అని రాశాడు "చల్లారిన పై". పై అంటే మైదానాల దగ్గర అమ్మే, మాంసం కూరిన వేడి వంటకం. ఆ పేరు పెట్టుకున్నవాడు గూడులో జోకులు వేయడానికే పుట్టాడు.

ఆగస్టులో ఒక శనివారం లిండ్సే రోరీ ఆట చూడ్డానికి కోలాక్ అనే పక్క ఊరు వెళ్ళాడు. సన్నటి వాన. కార్లన్నీ కంచెకు మూతులు ఆనించి నిలబడి ఉన్నాయి, గోలు పడ్డప్పుడల్లా హారన్లు. సగం ఆట అయ్యాక వంటగది కిటికీ దగ్గర ఒక పై కొనుక్కుని, సాసు పోయించుకుని, తన స్టూలు దగ్గరికి అడ్డదారిన వెనక నీళ్ళ ట్యాంకు పక్కనుంచి వచ్చాడు.

ట్యాంకు వెనక రోరీ నేల మీద కూర్చుని ఉన్నాడు. వణుకుతున్నాడు. అది చలికి వచ్చే వణుకు కాదు. ముఖమంతా తడిసి ఉంది, నోరు తెరుచుకుని గాలి అందనట్టు ఎగపోస్తున్నాడు. ఎదురుగా వాళ్ళ నాన్న బురదలో మోకాళ్ళ మీద కూర్చుని వాడి రెండు మణికట్లూ పట్టుకున్నాడు.

"నన్ను చూడు. పీల్చు. నాతోపాటు. వదులు. మళ్ళీ పీల్చు. పోతుందిరా, ఎప్పుడూ పోతుంది కదా."

లిండ్సే ఆగిపోయాడు. తండ్రి తలెత్తాడు. ఆ మనిషి బతిమాలలేదు, బెదిరించలేదు. చూశావు కదా అన్నట్టు తలాడించాడు, అంతే. లిండ్సే కూడా తలాడించి, వచ్చిన దారినే వెనక్కి తిరిగి, మైదానం చుట్టూ తిరిగి వెళ్ళాడు. పై చల్లారిపోయింది.

మూడో క్వార్టర్‌లో రోరీ బంతి వచ్చే చోటికి వెళ్ళలేదు. నాలుగో క్వార్టర్‌లో ఆ కుర్రాడేనా వీడు అన్నట్టు ఆడాడు. ఇప్పుడు లిండ్సేకు కారణం తెలుసు.

సోమవారం ఎమ్ వరుస రాసింది. "మీరు వెళ్ళిన కోలాక్ మ్యాచి వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. మూడో క్వార్టర్‌లో గాలి ఎదురుగా వీస్తోంది. రోరీ వైపు బంతే రాలేదు. రాని బంతిని పిల్లాడు ఎలా పడతాడు? తప్పయితే చెప్పండి, దిద్దుకుంటాను."

"గాలి సంగతి నిజమేనండి. కానీ వీడియో బంతి వెంట పోతుంది. నేను కుర్రాడి వెంట చూస్తాను. వెళ్ళాల్సినప్పుడు వాడు వెళ్ళలేదు."

"అది ఒప్పుకుంటాను, మీరక్కడున్నారు కాబట్టి. అయితే ఎందుకు వెళ్ళలేదంటారు? అలసటయితే నాలుగో క్వార్టర్‌లో ఇంకా తగ్గాలి. బద్ధకమయితే మొదటి దాంట్లోనే తెలియాలి. కారణం చెప్పండి. అది నిలబడితే నా ఓటు ఐవ్స్‌కు మార్చేస్తాను, అతని బొమ్మే పెట్టుకుంటాను."

లిండ్సే ఫోను సీటు మీద బోర్లా పెట్టాడు.

కారణం ఒక్క వాక్యం. అది రాస్తే వాదన గెలుస్తాడు. అది బొమ్మ కోసమే కాదు. క్లబ్బువాళ్ళూ గూడు చదువుతారని అక్కడ అందరి నమ్మకం. ఆ పిలుపు తప్పుగా పోతే జట్టు ఇంకొన్నేళ్ళు బురదలోనే ఉంటుందని ఆయన నిజంగా నమ్ముతున్నాడు. ఊరికే అంటున్నాడని నలుగురూ అనుకుంటే, ఇన్ని శీతాకాలాలు వానలో కూర్చుని సంపాదించుకున్న ఆ ఒక్క పేరూ పోతుంది. బస్సు డ్రైవరుకు ఇంకెక్కడా పేరుండదు. పిల్లలు కూడా "బస్సూ, ఆపు" అనే అంటారు.

జవాబు రాయకుండానే మంగళవారం గడిచింది. ఆ రాత్రి ఇంట్లో భార్య మొయిరా గిన్నెలు కడుగుతోంది. ఊళ్ళో పాత బట్టల ధర్మాదాయ కొట్టు చూసుకునేది ఆవిడే.

"ఏంటి, ఈరోజు ఆ ట్రాము ఆవిడతో మాట్లాడలేదా? అలిగారా?"

"లేదు."

"నాతోకంటే ఆవిడతోనే ఎక్కువ మాట్లాడతావు."

"ఆవిడ చెప్పేది పూర్తిగా వింటుంది."

"నీ గురక వినపడదు కాబట్టి వింటుంది." మొయిరా ఒక పళ్ళెం ఆయన చేతికిచ్చింది, తుడవమని. "ఏమైంది, లిన్?"

"ఒక మనిషి సంగతి చాటుగా నీ కంట పడిందనుకో. అది చెబితే ఒక మంచి పని జరుగుతుందనుకో."

"ఎవరు?"

"ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరయితే నాతో ఎందుకు మొదలెట్టావు?" అని కాసేపు నీళ్ళలో చేతులు ఆడించింది. "మా కొట్టుకి చచ్చిపోయినవాళ్ళ కోట్లు తెచ్చి ఇస్తారు. జేబుల్లో ఏవేవో ఉంటాయి. మేము కోటు అమ్ముతాం. జేబులో దొరికింది కవర్లో పెట్టి ఇంటికి పంపించేస్తాం. ఎవరిదో చూడను కూడా చూడను."

"చూడకుండా ఎవరింటికి పంపుతావు?"

"పళ్ళెం తుడువు."

బుధవారం షెడ్డులో చివరి సీటులో కూర్చుని లిండ్సే రాశాడు. ఒంటి వేలే అయినా ఎక్కడా ఆగలేదు.

"కారణం నేను చూపించలేను. చూపించలేని దాన్ని పట్టుకుని వాదించడం ఇక్కడి పద్ధతి కాదు. ఈ వాదన మీదేనండి. నాకిప్పటికీ ఐవ్సే మేలనిపిస్తోంది. కానీ అది నాకు అనిపించడం వరకే."

ముందుగా వచ్చింది చల్లారిన పై. "రాసి పెట్టుకోండర్రా. వెనక సీటు బ్రేకేసింది."

తర్వాత కొత్తగా చేరిన ఒకడు రాశాడు. "ఈ మాత్రానికి ఏడాదంతా మైదానాల వెంట తిరగడం దేనికి? ఇంట్లో కూర్చుని ఊహించినా ఇంతే కదా." దాన్ని నిర్వాహకులు తీసేశారు గానీ లిండ్సే అప్పటికే చదివాడు. చదివి, బస్సు దిగి, చక్రాలన్నీ తన్ని చూసుకుని మళ్ళీ ఎక్కాడు. గాలి సరిపోయే ఉంది.

ఎమ్ వరుస జవాబు ఆ సాయంత్రం వచ్చింది. "గెలిచినందుకు నాకేమీ సంతోషంగా లేదు. మీరింత తేలిగ్గా వదిలే మనిషి కారు. ఉన్నదేదో ఉంచుకోండి, నేను అడగను. వచ్చే శనివారం ఏ ఊరు వెళ్తున్నారో మాత్రం చెప్పండి."

నవంబరులో పెలికన్స్ తమ వంతు రాగానే రోరీ కినేన్ పేరు పిలిచారు. టీవీలో కుర్రాడు లేచి నిలబడ్డాడు, పక్కన తండ్రి. లిండ్సే ఆ తండ్రి చేతుల్నే చూస్తున్నాడు. చేతులు జేబుల్లో ఉన్నాయి. బొమ్మ మార్చడం ఆయనకు చేతకాక మొయిరా మార్చి పెట్టింది. వెనక సీటు పేరు పక్కన ఒక పొడుగు కుర్రాడు నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు. రెండు పిలుపుల తర్వాత ఐవ్స్‌ను ఇంకో క్లబ్బు ఎగరేసుకుపోయింది.

మరుసటి శీతాకాలానికి ఐవ్స్ ప్రతివారం పెద్ద జట్టులో ఆడుతున్నాడు. రోరీ ఇంకా రెండో జట్టులోనే ఉన్నాడు. గూడులో గాలి మారింది. "వెనక సీటు ఆరోజే చెప్పాడు," అని రాయడం మొదలెట్టారు, పోయినేడాది నవ్వినవాళ్ళే. లిండ్సే ప్రతిసారీ ఒకటే జవాబు రాశాడు. "ఇంకా తొందర. కుర్రాడికి టైమివ్వండి." చల్లారిన పై ఊరుకోలేదు. "మెడలో బొమ్మ వేసుకున్నాక బొమ్మ తరఫునే మాట్లాడాలి గురూ, అది రూలు."

జూన్‌లో మళ్ళీ కోలాక్. ఈసారి వాన లేదు, చలి మాత్రం చెవులు కోసేస్తోంది. లిండ్సే కంచె దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. సగం ఆట విరామంలో పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. చేతిలో రెండు పైలు.

"సాసు వేయించాను. పర్లేదుగా?"

రోరీ తండ్రి. బ్రెండన్ కినేన్. లిండ్సే పై తీసుకున్నాడు.

"చిన్నోడు ఆడుతున్నాడు, నీలం బూట్లు," అన్నాడు బ్రెండన్. తర్వాత, మైదానం వైపే చూస్తూ, "మా పెద్దోడి బొమ్మ పెట్టుకున్నది నువ్వే కదా," అన్నాడు.

లిండ్సే నములుతున్నది మింగాడు. "ఎలా తెలిసింది?"

"ఈ మైదానంలో స్టూలు వేసుకుని కూర్చునేది నువ్వొక్కడివే. మూడో క్వార్టర్ మూడో క్వార్టర్ అని రాసేదీ ఒక్కడే. ఆ శనివారం నుంచి నవంబరు దాకా రోజూ పొద్దున పాలు పితకడానికి వెళ్ళేముందు మీ గూడు తెరిచి చూసేవాణ్ణి. ఆవిడ కారణం అడిగిన రోజున అయితే ఆవుల దగ్గరికే వెళ్ళలేదు. మా ఆవిడ వెళ్ళింది."

లిండ్సే సాసు కారకుండా పై కింద కాగితం మడిచాడు.

"నువ్వు రాయలేదు," అన్నాడు బ్రెండన్.

"గీతకి అవతలి సంగతి అది."

"ఊఁ." బ్రెండన్ కాగితంతో మూతి తుడుచుకున్నాడు. "అక్టోబరులో పెలికన్స్ వాళ్ళు మా ఇంటికొచ్చి మాట్లాడారు. టీ తాగుతుండగా మావాడే చెప్పేశాడు, మొత్తం. నాకు గుండాగినంత పనైంది. వాళ్ళు విని, రాసుకుని, సరే అన్నారు. ఇప్పుడక్కడ ఒక డాక్టరమ్మతో మాట్లాడతాడు వారం వారం. ఆ గాభరా పోలేదనుకో, వస్తుంది. కానీ ఇప్పుడు వస్తే దాని పేరు చెప్పగలుగుతున్నాడు. ముందే బయట పడుంటే చెప్పేవాడు కాదు. అసలు ఆటే మానేసేవాడేమో."

"నాకదేం తెలియదు," అన్నాడు లిండ్సే. "నాకు తెలిసింది ఆటే."

"అందుకే వచ్చాను. అడుగుదామని. ఇప్పుడేమంటావు, వాడి గురించి?"

లిండ్సే ఆలోచించాడు. అబద్ధం చెప్పడం తేలిక. చేతిలో ఆ మనిషి కొనిచ్చిన పై ఇంకా వేడిగా ఉంది.

"బాగా ఆడతాడు. మెల్లగా పైకొస్తాడు," అన్నాడు. "అయినా ఐవ్స్‌నే పిలవాల్సింది."

బ్రెండన్ ఆయన వంక తిరిగి చూశాడు. తర్వాత స్టూలు పక్కన కంచెకు మోచేతులు ఆనించి తీరిగ్గా నిలబడ్డాడు, ఇప్పట్లో కదలనివాడిలా.

"ఐవ్స్‌కి ఎడంకాలు ఉందా అసలు? చెప్పు."

"ఎడంకాలు లేకపోతే కుడికాలు చాలదా? మీవాడికి రెండు కాళ్ళూ ఉండి ఏం చేస్తున్నాడు?"

"పొడుగోళ్ళకి మూడేళ్ళు పడుతుందయ్యా. ఇన్ని మ్యాచిలు చూసి ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు. ఆ మూడేళ్ళూ మేం ఓడిపోవాలా మరి?"

"మీకు ఓడిపోవడం కొత్తా?"

లిండ్సే నవ్వాడు. సైరన్ మోగింది. మూడో క్వార్టర్ మొదలైంది. ఇద్దరూ నీలం బూట్ల వైపు చూస్తూ, ఐవ్స్ గురించి వాదించుకుంటూనే ఉన్నారు.